గిన్నె అంచుదాకా

“జల్లెడ పోతే ఇంకోటి వస్తుంది. దీనికింత రాద్ధాంతం ఎందుకు?” అన్నాడు మేస్త్రీ.

“కొత్తది తెచ్చే సంగతి తర్వాత. టీ జల్లెడతో పెట్రోలు వడకట్టింది ఎవరో ముందు చెప్పండి,” అంది ఆయన భార్య.

పొద్దున మొదలైన వాదన మధ్యాహ్నం అన్నాల దగ్గర కాస్త చల్లబడి, సాయంత్రం పొయ్యి మీద నీళ్ళు మరిగేసరికి మళ్ళీ వేడెక్కింది. ఆమె జల్లెడని సబ్బుతో కడిగింది, బూడిదతో తోమింది, ఎండలో పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా బళ్ళు బాగుచేసే షెడ్డు వాసనే.

“ఇంకెవరు? చిన్నోడే అయ్యుంటాడు,” అన్నాడు మేస్త్రీ, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

చిన్నోడంటే మేస్త్రీ తమ్ముడు. మీసాల్లో తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్నా ఇంట్లో అతని పేరు అదే. షెడ్డు గుమ్మంలో గొంతుక్కూర్చుని చైనుకి పట్టిన మట్టి బ్రష్షుతో రాలుస్తున్నవాడు తలెత్తి వదిన వైపు చూశాడు. మళ్ళీ చైను మీదకి వంగాడు.

ఆమె కుట్టుమిషను ఉన్న గదికీ షెడ్డుకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకి ఒక కిటికీ. పొద్దున ఆ కిటికీలోంచి ఆమె చూసింది. ట్యాంకు పక్కన జల్లెడ పట్టుకుని నిలబడింది మేస్త్రీయే. ఆ మాట అనేయబోయి ఆగింది. జల్లెడ పోయినందుకు కాదు ఆమె బాధ. ఇంత చిన్న విషయానికి కూడా తమ్ముడి పేరు ఆయన నోటికి ఎంత సులువుగా వచ్చిందో చూసి.

“పొయ్యవే తల్లీ,” అన్నారు మంచం మీద నుంచి అత్తగారు. “ఆ టీ తాగితేనైనా నా మోకాళ్ళు స్టార్టవుతాయేమో చూద్దాం.”

“ముందు కిక్కు కొట్టాలి నానమ్మా,” అంది అమ్మాయి, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

అందరూ నవ్వారు. చిన్నోడు కూడా నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఆ సమయానికే గెంతులమ్మ వచ్చింది. పొద్దున షెడ్డులోంచి నడుపుకెళ్ళిన బండిని తోసుకుంటూ వచ్చింది. ఆవిడ స్కూల్లో ఆటల టీచరు. సెలవురోజుల్లో ఊరి బయట మట్టిదిబ్బల మీద ఎత్తు చక్రాల బండిని గెంతిస్తుందని అత్తగారు ఆ పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినా పలుకుతుంది.

“మళ్ళీ అదే, మేస్త్రీగారూ. కింద బ్రహ్మాండంగా లాగుతుంది. కొండెక్కేటప్పుడు యాక్సిలరేటరు మొత్తం తిప్పి పట్టుకుంటానా, సగం దూరం వెళ్ళాక గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. ఈసారి వెనక్కి జారి నా మీదే పడింది.”

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి కింద తోలు లేచిపోయి ఉంది. మేస్త్రీ దాన్ని చూసి కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. తను బాగుచేసిన బండి మనిషిని పడేసిందంటే ఆయనకి అన్నం సహించదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

“పెట్రోల్లో చెత్త ఉందేమోనని వడకట్టి కూడా చూశాను,” అన్నాడాయన, జల్లెడ మాట మరిచిపోయి. ఆమె జల్లెడ వంక చూసింది. “చెత్త వెళ్ళి జెట్టు బెజ్జంలో కూర్చుంటే ఇంతే. కార్బరేటరు కడగడం రాని చేతికి ఇస్తే ఇంతకన్నా ఏమవుతుంది?”

చిన్నోడు లేచి నిలబడ్డాడు. “శుభ్రంగానే కడిగాను అన్నయ్యా.”

“కడిగితే ఎందుకు ఆగుతుంది? దానికేమైనా పగా నీమీద? ఇదే చివరిసారి. ఈసారి కూడా ఆగిందంటే నువ్వు కార్బరేటరు ముట్టుకోవద్దు. పంచర్లు వేసుకో.”

టైరులో గాలి పెట్టించుకోడానికి వచ్చిన ఇద్దరు మనుషులు అటు చూడనట్టు చూశారు. గెంతులమ్మ ఇబ్బందిగా హెల్మెట్ చేతులు మార్చుకుంది.

“ఆదివారం కొండెక్కే పందెం ఉంది,” అంది. “అప్పటికి అవుతుందంటారా?”

“అవుతుంది. పూచీ నాది.”

“సరే అన్నయ్యా,” అన్నాడు చిన్నోడు, తనని ఎవరూ అడగకపోయినా.

మర్నాడంతా అతను ఆ కార్బరేటరు మీదే ఉన్నాడు. ఆమె జాకెట్టు చేతులు అతుకుతూ మధ్యమధ్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇత్తడి జెట్లు ఒక్కొక్కటే విప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. సన్నటి రాగితీగతో పొడిచాడు, గాలి కొట్టాడు, మళ్ళీ వెలుతురుకి పట్టాడు. కార్బరేటరు అడుగున ఉండే గిన్నెని లోపలా బయటా తుడిచాడు. అందులో తేలే ఫ్లోటుని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు, లోపల పెట్రోలు చేరిందేమోనని. తర్వాత కార్బరేటరుని ఏటవాలుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చాలాసేపు స్కేలు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. పని రాని మనిషి చేతులు అలా ఉండవు. ఆమె దర్జీ. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు చెయ్యి ఎలా ఆగాలో ఆమెకి తెలుసు.

చీకటి పడకముందే బండికి బిగించేసి లోపలికి వచ్చాడు. చంకలో ఒక పొట్లం ఉంది.

“వదినా, ఇది కాస్త పొడవు తగ్గించాలి.”

విప్పి చూసింది. ముదురు నీలం ప్యాంటు. నడుము పట్టీ మీద బస్సు డిపో గుర్తు.

“ఎవరిది?”

“నాదే.” మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. “డిపోలో మెకానిక్కు కావాలన్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు. అక్కడే గది కూడా ఇస్తారు.”

ఆమె ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని అతని మొహంలోకి చూసింది. “మీ అన్నయ్యకి చెప్పావా?”

“ఆదివారం చెప్తా. బండి మళ్ళీ ఆగిపోయాక.”

“ఆగిపోతుందని నీకెలా తెలుసు? ఇవాళంతా కూర్చుని చేశావుగా?”

చిన్నోడు నవ్వాడు. “నేను బాగానే పెట్టాను వదినా. రేపు పొద్దున్నే అన్నయ్య విప్పి సరిచేస్తాడు.”

ఆమెకి అర్థం కాలేదు. అతను లేచి షెడ్డులోకి వెళ్ళి పాత కార్బరేటరు ఒకటి తెచ్చి ఆమె చాక్‌ముక్కల డబ్బా పక్కన పెట్టాడు. కింది గిన్నె తీసేశాడు.

“ఇదిగో ఫ్లోటు. గిన్నెలో పెట్రోలు నిండేకొద్దీ ఇది పైకి తేలుతుంది. తేలి, ఈ రేకు నాలుకతో ఈ సూదిని నొక్కుతుంది. అప్పుడు పెట్రోలు రావడం ఆగుతుంది. మనింటి మీద నీళ్ళ ట్యాంకులో బంతి ఉండదూ, అలాగే. నాలుక కాస్త అటు వంచినా ఇటు వంచినా గిన్నెలో పెట్రోలు మట్టం మారిపోతుంది. మట్టం తగ్గిందనుకోండి, మామూలుగా తిరిగితే ఏమీ తెలీదు. కొండెక్కేటప్పుడు ఇంజను గబగబా తాగేస్తుంది, గిన్నె ఖాళీ అవుతుంది, బండి ఆగిపోతుంది. అచ్చం జెట్టులో చెత్త పడ్డట్టే ఉంటుంది.”

“అయితే?”

“సూది తల మీద వేలు పెట్టండి.”

ఆమె పెట్టింది. తల మెత్తగా లోపలికి వెళ్ళి, వేలు తీయగానే పైకొచ్చింది.

“స్ప్రింగు. అన్నయ్య పని నేర్చుకున్న రోజుల్లో సూదులకి ఇది లేదు. కార్బరేటరు బోర్లించి కొలిచేవాళ్ళు. అప్పటికి అదే సరైన పద్ధతి. ఇప్పుడు బోర్లిస్తే ఫ్లోటు బరువుకి తల లోపలికి దిగిపోతుంది, కొలత తప్పు వస్తుంది. అది సరిచెయ్యబోయి నాలుక వంచేస్తాడు. అందుకే వాలుగా పట్టుకుని, తల ఊరికే తగిలేటప్పుడు కొలవాలి. సరిగ్గా ఉందో లేదో అడుగున ట్యూబు తొడిగితే బయటికే తెలుస్తుంది.”

“ఆయన మళ్ళీ విప్పుతున్నాడని నీకెవరు చెప్పారు?”

“నేను నాలుకని గోటితో వంచుతాను. బండి వెనక్కొచ్చాక చూస్తే దాని మీద ప్లయరు పళ్ళ గాట్లుంటాయి. ఈ షెడ్డులో ఇంకెవరికుంది ఆ ప్లయరు?”

“మరి నోరు తెరిచి చెప్పొచ్చు కదయ్యా.”

“ఒకసారి చెప్పాను. ‘నీకు పని నేర్పింది ఎవడ్రా?’ అన్నాడు. నిజమే కదా, ఆయనే.” చిన్నోడు గిన్నె మళ్ళీ బిగిస్తున్నాడు. “బేరింగు పోయిందని శబ్దం విని చెప్పగల చెవి వదినా ఆయనది. జనం ఆ పేరు చూసే వస్తారు. మేస్త్రీకి ఫ్లోటు పెట్టడం రాదటని ఒక్కడన్నా షెడ్డు ఖాళీ అవుతుంది. నాకు రాదంటే ఏమవుతుంది? డిపోకి పోతాను. బస్సులు డీజిల్ తాగుతాయి, వాటికి కార్బరేటరే ఉండదు, గొడవే లేదు.”

హాస్యమాడాననుకున్నాడు. ఆమె నవ్వలేదు. ప్యాంటు మడిచి మిషను సొరుగులో పెట్టి, “నాకు చాలా పనుంది. ఎప్పుడవుతుందో చెప్పలేను,” అంది.

ఆ తర్వాత గిన్నెలు తోముతూ ఆలోచించింది. మొగుడికి చెప్పేస్తే? ఆయన ముందు ఒప్పుకోడు. తమ్ముడు తన మీద చాడీలు చెప్పాడనుకుంటాడు. అప్పుడు చిన్నోడు సోమవారం దాకా కూడా ఉండడు. చెప్పకపోతే ఆదివారం ఆ టీచరమ్మ కొండ మీంచి ఇంకోసారి పడుతుంది. ఈసారి మోచెయ్యే అని ఎవరు చెప్పగలరు? ఆయన చెడ్డవాడైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. చెడ్డవాడు కాదు. రాయిలా గట్టిగా నమ్మే మనిషి. అలాంటి మనిషికి చెవిలో చెప్పి లాభం లేదు, కళ్ళతో చూపించాలి.

శనివారం తెల్లవారుతుండగా మేస్త్రీ చప్పుడు చెయ్యకుండా షెడ్డు తలుపు తీశాడు. లోపల అప్పటికే లైటు వెలుగుతోంది. ఆమె బండి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది.

“ఇక్కడేం చేస్తున్నావు?”

“మీరేం చేస్తారో చూద్దామని. ఇన్నేళ్ళుగా గోడ పక్కనే ఉంటున్నా, ఈ కార్బరేటరేమిటో నాకు తెలీదు.”

ఆయనకి అనుమానం వచ్చినట్టు లేదు. చెప్పే అవకాశం దొరికితే మేస్త్రీ మనసు కరుగుతుంది. స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చున్నాడు. “చిన్నోడికి చెప్పకు. వాడు పెట్టింది ప్రతిసారీ నేను ఒకసారి సరిచేస్తున్నాను. తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు.”

ఆమె పీట కాస్త దగ్గరికి జరుపుకుంది. తమ్ముడు అన్న పరువు కాపాడుతున్నాననుకుంటున్నాడు. అన్న తమ్ముడి మనసు కాపాడుతున్నాననుకుంటున్నాడు. ఇద్దరూ కలిసి ఆ టీచరమ్మని కొండ మీంచి తోస్తున్నారు.

“విప్పేముందు ఒకటి చూపిస్తారా? లోపల పెట్రోలు ఎంతుందో బయటి నుంచి తెలుస్తుందట కదా, ట్యూబుతో?”

“ఓ, తెలుస్తుంది.” మేకుకి వేలాడుతున్న, లోపలిది కనిపించే తెల్లటి ట్యూబు తీశాడు. ఒక కొసని గిన్నె అడుగున ఉన్న గొట్టానికి తొడిగి, రెండో కొసని కార్బరేటరు పక్కగా నిలువుగా పట్టుకుని, మర కొద్దిగా తిప్పాడు. పెట్రోలు ట్యూబులోకి పాకి, పైకెక్కి, ఒకచోట నిలిచింది. “గిన్నెలో ఎంత ఎత్తుందో ఇందులోనూ అంతే. చూడు, గిన్నె అంచు ఇదిగో. సరిగ్గా అంచుదాకా ఉండాలి.”

“ఉందా?”

“ఉంది,” అన్నాడు మేస్త్రీ. అని వంగి ఇంకోసారి చూశాడు. “పర్లేదు, ఉంది. అయినా కొలిచి చూడాలి. కంటితో చూసింది లెక్క కాదు.”

విప్పాడు. గిన్నె తీసి గుడ్డ మీద పెట్టాడు. కార్బరేటరుని అరచేతిలో బోర్లించి, చిన్న స్కేలు ఆనించి, లైటు కిందకి వంగాడు. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన కదలికలు. ఒక్కటి కూడా వృథా పోదు. ఆ చేతుల పనితనం చూస్తే ఆమెకి ఇప్పటికీ ముచ్చటే.

“చూశావా, తేడా ఉంది. ఇదే నేను చెప్పేది.” ప్లయరు కొసతో నాలుకని కాస్త వంచాడు. మళ్ళీ కొలిచాడు. తృప్తిగా తలాడించాడు. గిన్నె బిగించి, బండికి ఎక్కించి, పెట్రోలు తెరిచాడు.

“ఇప్పుడోసారి ట్యూబు పెట్టండి,” అంది ఆమె.

“ఇందాక చూశావుగా.”

“సరిచెయ్యకముందు చూశాను. సరిచేశాక చూడొద్దా?”

పెట్టాడు. పెట్రోలు ట్యూబులోకి వచ్చింది, పైకెక్కింది. గిన్నె అంచుకి గోరువెడల్పు కింద ఆగిపోయింది.

మేస్త్రీ ట్యూబుని వేలితో తట్టాడు. కదల్లేదు. గాలి బుడగ ఉందేమోనని వంచి చూశాడు. మర ఇంకాస్త తిప్పాడు. బండి నిటారుగా ఉందో లేదో చూసి, స్టాండు కింద చెక్క ముక్క పెట్టి, మళ్ళీ చూశాడు. పెట్రోలు అక్కడే ఉంది.

ఆమె లేచి పీట గోడకి చేరేసింది. “పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను,” అంది. నిజానికి పాలు ఇంకా రాలేదు.

కిటికీ దగ్గర నిలబడి చూసింది. మేస్త్రీ మళ్ళీ విప్పాడు. మళ్ళీ బోర్లించి కొలిచాడు. నాలుక వంచకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి, ఎందుకో, సూదిని బయటికి తీసి అరచేతిలో వేసుకుని గోటితో దాని తల నొక్కాడు. నొక్కాడు, వదిలాడు. నొక్కాడు, వదిలాడు. దొరికిన వింత వస్తువుతో ఆడుకునే మనిషిలా అలా నొక్కుతూనే ఉన్నాడు.

చిన్నోడు పళ్ళు తోముకుని షెడ్డులోకి వచ్చేసరికి కార్బరేటరు బల్ల మీద విప్పే ఉంది. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు మేస్త్రీ.

“ఇది పెట్టు,” అన్నాడు.

“నిన్న పెట్టిందే కదన్నయ్యా.”

“నువ్వు పెట్టింది కాదిది. పెట్టు, చూస్తాను.”

చిన్నోడు వదిన కిటికీ వైపు చూశాడు. ఆమె దారం ఎక్కిస్తున్నట్టు సూది మీదకి వంగింది. అతను కార్బరేటరుని వాలుగా పట్టుకున్నాడు. ఫ్లోటు మెల్లగా జారి, నాలుక సూది తలకి తగిలి ఆగింది.

“అంత వాలుగా ఎందుకు?” మేస్త్రీ అడిగిన తీరులో గద్దింపు లేదు.

“తల లోపలికి పోకుండా.”

“ఊఁ.” స్కేలు అందిస్తూ, “ఈ స్ప్రింగు ఎప్పట్నుంచి పెడుతున్నాడు వీడు?”

“ఎవరు?”

“ఈ సూదులు చేసేవాడు.”

“చాలా ఏళ్ళయింది అన్నయ్యా.”

“ఒక మాట చెప్పి చావొచ్చుగా, దరిద్రుడు,” అన్నాడు మేస్త్రీ. తిట్టింది సూదులు చేసేవాణ్ణో, తమ్ముణ్ణో, తనని తానో ఎవరికీ తెలీలేదు. చిన్నోడు పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకోడానికని ఆమెకి కిటికీలోంచి కూడా తెలిసింది. మరుక్షణంలో మేస్త్రీయే ముందు నవ్వాడు, ముక్కుతో, చప్పుడు రాకుండా. తర్వాత ఇద్దరూ ట్యూబు పెట్టి, చెరో పక్క నుంచీ చూశారు. రెండు తలలూ ఒకదానికొకటి ఆనేంత దగ్గరగా ఉన్నాయి.

ఆదివారం పొద్దంతా ఆ ఇంట్లో ఎవరికీ పని మీద మనసు లేదు. మేస్త్రీ ఒకే స్పానరుని రెండు డబ్బాల్లోకి మార్చి మార్చి పెట్టాడు. చిన్నోడు ఊడ్చిన చోటే ఊడ్చాడు. ఆమె ఒక లంగా అంచు తిరగేసి కుట్టి, విప్పుకుంది. దూరంగా ఏ బండి చప్పుడు వినిపించినా ముగ్గురి తలలూ లేచేవి.

చివరికి ఒక చప్పుడు దగ్గరికొచ్చింది. తోసుకొచ్చే బండికి చప్పుడుండదు. అది వినగానే మేస్త్రీ భుజాలు సడలడం ఆమె చూసింది.

గెంతులమ్మ కళ్ళు తప్ప తక్కినదంతా మట్టి. హెల్మెట్ తీస్తూనే నవ్వింది. “గెలవలేదండీ. నాకన్నా ముందు చాలామంది ఉన్నారు. కానీ పైదాకా ఎక్కేశాను. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. మీ చెయ్యి పడితే ఇక తిరుగేముంది మేస్త్రీగారూ.”

గాలి కొట్టించుకునేవాళ్ళు ఆ రోజూ ఉన్నారు. మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకి ఏమీ అంటలేదు, అయినా తుడుచుకున్నాడు.

“నా చెయ్యి పడినన్నాళ్ళూ ఆగిపోయిందమ్మా,” అన్నాడు. “వాడు బాగానే పెడుతున్నాడు. నేనే మళ్ళీ విప్పి చెడగొట్టాను. నీ మోచేతికి తగిలింది కూడా నావల్లే.”

ఆవిడ అన్నదమ్ములిద్దరినీ చూసింది. “మోచెయ్యి మానిపోతుంది లెండి. పిల్లలు ఆటల్లో నాకు రోజూ ఇంతకన్నా ఎక్కువే తగిలిస్తారు,” అంది. వెళ్తూ వెళ్తూ చిన్నోడికి చెయ్యి ఊపింది. అతను చీపురు పట్టుకుని ఊపాడు.

రాత్రి అన్నాల దగ్గర అందరూ కూర్చున్నారు. అత్తగారికి కూర మెత్తగా మెదిపి పెడుతోంది ఆమె. అమ్మాయి పుస్తకం ఒళ్ళో దాచుకుని తింటోంది. మేస్త్రీ రెండు ముద్దలు తిని గొంతు సవరించుకున్నాడు.

“ఒక మాట. రేపట్నుంచి కార్బరేటర్ల బల్ల చిన్నోడిది. వాడు బిగించింది నేను విప్పను. పొద్దున్నే లేచి అటు వెళ్తుంటే మీరెవరైనా ఆపండి.”

“నేను ఆపుతాలే,” అన్నారు అత్తగారు. “నాకెలాగూ నిద్ర పట్టదు. ఇంతకీ నువ్వేం చేస్తావురా?”

“ఇంజన్లు, చక్రాలు. చెవితో చేసే పని చాలా ఉందమ్మా.”

ఆమె మజ్జిగ గిన్నె చిన్నోడి వైపు జరిపింది. అతను పోసుకోలేదు. కంచంలోకి చూస్తూ మామూలు గొంతుతో అన్నాడు.

“రేపు పొద్దున కాస్త ఆలస్యంగా వస్తాను అన్నయ్యా. బస్సు డిపో దాకా వెళ్ళి, పనిలో చేరట్లేదని చెప్పి రావాలి.”

“ఏ డిపోరా? ఏం పని?” అన్నారు అత్తగారు. అమ్మాయి పుస్తకం మూసింది.

మేస్త్రీ చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. తమ్ముడి వంక చూశాడు, తర్వాత భార్య వంక. ఆమె కళ్ళు దించుకోలేదు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మంచినీళ్ళు తాగాడు.

“నా బండి వేసుకెళ్ళు,” అన్నాడు. “నడిచి వెళ్తే పూటంతా పోతుంది.”